"బంగారం లాంటి పిల్లలండీ" అన్నారంటే భయపడండి

మా స్కూలు కుర్రాణ్ణి మెకానిక్కు కొట్టులో మేస్త్రి మొదటిసారి "ఒరే ఎదవా!" అని కేకేసిన రోజు, నేను ఆ గుమ్మంలో నిలబడి సంతోషం పట్టలేక పైకే నవ్వేశాను. మేస్త్రి నా వంక వింతగా చూశాడు. తిట్లు తిన్న కుర్రాడు ఇంకా వింతగా చూశాడు. ఎందుకు నవ్వానో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. వెళ్దాం, నాకేం తొందర? రిటైరయినవాణ్ణి.

ఈ మధ్య మా వీధిలో అమ్మాయి ఒకతె కాలేజీలో ఉద్యోగంలో చేరింది. పిల్లల్ని కంపెనీలకి పంపించి పని నేర్పించడం ఆమె బాధ్యత. "తాతగారూ, కంపెనీవాళ్లందరూ మా పిల్లలు అద్భుతం అంటున్నారు. నిజంగా నేర్చుకుంటున్నారో లేదో ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. అమ్మా తల్లీ! ఈ ప్రశ్నతోనే కదా పాతికేళ్లు నిండకుండానే నేను కుస్తీ పట్టింది! ఆ రోజు ఆమెకి రెండు గంటలు చెప్పాను, కాఫీ చల్లారిపోయింది. మిగతావాళ్ల కాఫీలు చల్లార్చడం ఎందుకని ఇలా రాస్తున్నాను.

మా సెక్షను

అరవయ్యో దశకం చివరి రోజులు. చీపురుపల్లికి దగ్గర్లో ఒక హైస్కూలు. మల్టీపర్పస్ స్కూలు అనేవారు. మామూలు చదువుతో పాటు టెక్నికల్ సెక్షను ఉండేది. పాలిటెక్నిక్ డిప్లొమా చేతికి రాగానే నన్ను అందులో వేశారు. పై తరగతి పిల్లలు వారంలో ఒక పూట, గురువారం మధ్యాహ్నం, చీపురుపల్లిలో కొట్లకీ మిల్లులకీ వెళ్లి పని నేర్చుకోవాలి. వాళ్లని పంపించడం, నేర్చుకున్నారా లేదా చూడటం నా పని.

ఈ ఏర్పాటు మా హెడ్‌మాస్టరు సోమయాజులు గారిది. విజయనగరం మనిషి, పంచె లాల్చీ, ముక్కుపొడుం, పిడుగు లాంటి గొంతు. ఆయన మామూలుగా మాట్లాడితే పక్క తరగతివాళ్లు పాఠం ఆపుకునేవారు. అప్పటి మా జిల్లా కేంద్రం శ్రీకాకుళంలో విద్యాశాఖ ఆఫీసు చుట్టూ ఏళ్ల తరబడి తిరిగి ఈ సెక్షను తెచ్చుకున్నారాయన. ఇచ్చినవాళ్లు ఊరికే ఇవ్వలేదు. "ఏడాది చూస్తాం. చివర్లో ఇన్‌స్పెక్టరు వస్తారు. ఉపయోగం కనపడితే ఉంచుతాం, లేకపోతే తీసేస్తాం" అన్నారు.

తీసేస్తే మాకేం, ఇంకో స్కూలుకి బదిలీ అవుతాం. పిల్లల సంగతే ఇబ్బంది. చుట్టుపక్కల పల్లెల్లో రైతుల పిల్లలు వాళ్లంతా. ఈ సెక్షను ఉంది కాబట్టి, చేతికి ఏదో పని వస్తుంది కాబట్టి, ఇంకో రెండేళ్లు చదవనిస్తున్నారు. అది పోయిందంటే ఆ మర్నాడే నాగలి పట్టుకోవడమే. నాగలి పట్టడం తప్పని కాదు. వాళ్లు కావాలనుకుంటున్నది అది కాదు, అంతే.

ఇంజను తిరగలేదు

పైడిరాజు అని ఒక కుర్రాడు. సన్నగా, చురుగ్గా ఉండేవాడు. నూతిలోంచి నీళ్లు తోడే ఆయిలింజను బొమ్మ బోర్డు మీద వేసి, ఏ భాగం ఏం చేస్తుందో గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. వాణ్ణి సింహాద్రి మేస్త్రి కొట్టుకి పంపించాను. సింహాద్రి అంటే ఆ చుట్టుపక్కల ఆయిలింజన్లకి పెద్ద డాక్టరు కింద లెక్క. ఆ సంగతి మనం ఎక్కడ మరిచిపోతామో అని రోజుకి పదిసార్లు తనే చెప్పేవాడు కూడా.

అయిదారు నెలలు గడిచాయి. ఎప్పుడు అడిగినా సింహాద్రిది ఒకటే మాట. "బంగారం బాబూ! పైడిరాజు బాబు బంగారం. అలాటి గుంటడు ఉండాల." నేను ఆ ముక్క హెడ్‌మాస్టరు గారికి చెప్పేవాణ్ణి. ఆయన సంతోషంగా పొడుం పీల్చేవారు. మిల్లుల నుంచి, కొట్ల నుంచి, అన్ని చోట్ల నుంచీ బంగారమే. మా స్కూలంత ధనవంతమైన స్కూలు జిల్లాలో ఇంకోటి లేదు!

ఒక ఉదయం పైడిరాజు నాన్న అప్పలనాయుడు స్కూలుకి వచ్చాడు. తలపాగా తీయలేదు, కూర్చోమంటే కూర్చోలేదు.

"మేస్టారూ, మావోడు ఏటి నేర్సుకున్నాడో నాకు సెప్పండి."

"ఇంజను పని నేర్చుకుంటున్నాడు కదయ్యా. మేస్త్రి కూడా బాగా మెచ్చుకుంటున్నాడు."

"మెచ్చుకుంటన్నాడా? నిన్న నా ఇంజను ఆగిపోనాది. నూతికాడ మిరపనారు ఎండిపోతన్నాది. ఊరోళ్లందరూ సూత్తన్నారు. మావోణ్ణి పిలిసి తిప్పరా అన్నాను. ఆడు ఇంజను సుట్టూరా మూడుసార్లు తిరిగినాడు, పేర్లన్నీ సెప్పినాడు. ఇది పిస్టనంట, ఇది నాజిలంట. ఇంజను మాత్రం తిరగనేదు. మా తమ్ముడేటన్నాడో తెలుసా? 'అన్నా, నీ కొడుకు ఇంజనుకి నామకరణం సేసినాడ్రా' అన్నాడు. ఊరంతా నవ్వినారు."

నేను అందించిన మంచినీళ్లు ఆయన పక్కన పెట్టేశాడు.

"ఆకరికి సూత్తే ఏటీ నేదు. నూనె అయిపోయి మల్లీ పోసినాం కదా, గొట్టంలో గాలి పట్టేసినాది. పక్కూరి పాలేరొచ్చి ఒక మర వదులు సేసి గాలి తీసేసినాడు. సంకురేత్రి దాకా సూత్తాను మేస్టారూ. అప్పటికీ ఇంతే అయితే ఆణ్ణి మాన్పించేత్తాను."

ఆయన వెళ్లిపోయాక పైడిరాజు తరగతి గది కిటికీలోంచి నా వైపు చూశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు గానీ బాగా వచ్చింది.

టీ కొట్టులోంచి చూస్తే

ఆ గురువారం సింహాద్రికి చెప్పకుండా వెళ్లి, అతని కొట్టుకి ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాను. పైడిరాజు, వాడితో ఇంకో ఇద్దరు మా పిల్లలు వచ్చారు. సింహాద్రి లేచి ఎదురెళ్లాడు. భుజం మీది తువ్వాలుతో బల్ల దులిపాడు. "కూకోండి బాబూ, కూకోండి" అన్నాడు. గోలీసోడాలు తెప్పించాడు. పేపరు ఇచ్చాడు. అదే కొట్టులో వాళ్ల ఈడువాడే అతని తమ్ముడి కొడుకు నల్లగా మసి కొట్టుకుపోయి ఇంజను విప్పుతుంటే, మావాళ్లు తెల్లచొక్కాలు నలగకుండా కూర్చుని సోడా తాగుతూ చూస్తున్నారు. పెళ్లివారిలా ఉన్నారు!

సాయంత్రం దాకా ఒక్క నట్టు కూడా వాళ్ల చేతికి రాలేదు. మధ్యలో ఒకసారి పైడిరాజు లేచి పానా అందుకోబోతే, "అయ్యో, వొద్దు బాబూ, మసి" అని సింహాద్రి లాగేసుకున్నాడు. ఎంత ప్రేమగా లాక్కున్నాడంటే, చూస్తున్న నాకే కాదనాలనిపించలేదు.

వెళ్లి అడిగాను. "ఏమయ్యా సింహాద్రీ, పిల్లలకి పని ఇవ్వవేం?"

"అదేటండి మేస్టారూ, అలగంటారు? మీరు పంపిన గుంటలండి ఆల్లు. స్కూలు ముద్రేసి, సంతకాలెట్టి కాయితం పంపినారు. గవర్మెంటు మనుసుల్ని పంపినట్టు పంపినారు. ఆల్లసేత మసి తుడిపిత్తానా? రేపు నానెవుడికి జవాబు సెప్పుకోను?"

"మరి ఏం నేర్చుకున్నాడని బంగారం అన్నావు?"

సింహాద్రి నొచ్చుకున్నాడు. "మేస్టారొచ్చి ఆరి పిల్లోడు ఎలాగున్నాడని అడిగితే బాగునేడని ఎలా సెప్తారండి? మాకామాత్రం మరేద తెలదా?"

ఈ ఉద్యోగంలోకి వస్తున్నవాళ్లు ఈ చోట ఒక్క క్షణం ఆగండి. సింహాద్రి అబద్ధాలకోరు కాదు. బద్ధకస్తుడూ కాదు. మా ప్రాంతపు మర్యాద అది. ఇంటికొచ్చిన వాళ్లకి పని చెప్పకూడదు, గురువు ముందు శిష్యుణ్ణి తక్కువ చేసి మాట్లాడకూడదు. మేం ముద్ర వేసిన ఉత్తరం పంపి మా పిల్లల్ని అతిథుల్ని చేశాం. అతిథుల గురించి అడిగి, అతిథులకి ఇచ్చే జవాబే పుచ్చుకుని, దానికి ప్రగతి అని పేరు పెట్టుకున్నాం. మీరు కంపెనీలకి పంపించే కాగితాల్లో 'ఈ విద్యార్థి ఎలా ఉన్నాడు' అన్న ప్రశ్న ఉంటే కొట్టేయండి. దానికి జవాబు మీకు ముందే తెలుసు.

ఏ పనికి పంపుతావు?

సోమయాజులు గారికి చెప్పాను. ఆయన పిడుగు పడ్డట్టు అరుస్తారనుకున్నాను. అరవలేదు. చాలాసేపు పొడుం డబ్బా మూత తీస్తూ మూస్తూ కూర్చున్నారు. తరవాత అరిచారు.

"అడగడం తెలీకపోతే ఇలాగే ఏడుస్తుందోయ్! పద!"

అప్పటికప్పుడు బయలుదేరారు. సైకిలు వెనక ఆయన్ని కూర్చోబెట్టుకుని నేను చీపురుపల్లి దాకా తొక్కాను. హెడ్‌మాస్టరు గారే స్వయంగా వచ్చేసరికి సింహాద్రి కంగారుపడి సోడా కోసం కేకేశాడు. ఆయన సోడా వద్దన్నారు.

"సింహాద్రీ, ఒక్కటే అడుగుతాను. పైడిరాజుని ఒక్కణ్ణీ, పక్కన నువ్వు లేకుండా, ఏ పనికి పంపుతావు?"

సింహాద్రి బుర్ర గోక్కున్నాడు. పైకి చూశాడు. కింద చూశాడు. చాలా నిజాయితీగా ఆలోచించాడు పాపం.

"టీకి పంపుతానండి" అన్నాడు.

హెడ్‌మాస్టరు గారు తల పంకించారు. నాకు ఒక పక్క ఏడుపు, ఒక పక్క హుషారు! ఇన్నాళ్లకి ఒక నిజమైన జవాబు దొరికింది కదా! ఆ ఒక్క ప్రశ్నే ఆ తరవాత నా వృత్తి మొత్తానికి దారి చూపించింది. ఎలా ఉన్నాడని అడిగితే మర్యాద జవాబిస్తుంది. ఒక్కణ్ణే ఏ పనికి వదులుతావని అడిగితే మేస్త్రి జవాబిస్తాడు, ఎందుకంటే ఇప్పుడు మాట అతని కొట్టు గురించి, అతని ఇంజను గురించి.

తిరిగొచ్చాక ఆ వారమంతా అన్ని చోట్లా అదే ప్రశ్న అడిగాం. "తలుపు వెయ్యడానికి", "బస్తాలు లెక్కెట్టడానికి", "దేనికీ పంపనండి". బంగారమంతా ఇత్తడి అయిపోయింది. ఇంకెవరైనా అయితే ఈ సంగతి కప్పిపెట్టేవారు. మా సోమయాజులు గారికి మాత్రం ఒంట్లోకి కొత్త శక్తి వచ్చినట్టయింది. "ఇప్పుడు తెలిసిందోయ్ ఎక్కడున్నామో!" అని వరండాలో అటూ ఇటూ తిరిగారు.

తాంబూలం

అసలు ఆ కొట్లలో పని నేర్చుకునేవాళ్లు ఎలా చేరతారో తెలుసుకుందామని సింహాద్రి తమ్ముడి కొడుకునే అడిగాను. వాళ్ల నాన్న తమలపాకులు, అరటిపళ్లు, ఒక కొత్త తువ్వాలు పళ్లెంలో పెట్టుకొచ్చి, పదిమందిలో మేస్త్రి చేతికిచ్చి, "ఇంక ఈడు నీ కొట్టు మనిసి" అని అప్పగించాడట. అంతే. ఆ మాట అన్నాక మేస్త్రి నేర్పి తీరాలి, కుర్రాడు నేర్చుకుని తీరాలి. మేం ఆ పని చెయ్యలేదు. కాగితం పంపాం.

సోమయాజులు గారు వెంటనే అప్పలనాయుణ్ణి పిలిపించారు. ఆయన ముందు ఒప్పుకోలేదు. "సదూకోడానికి పంపినాను గానీ మసి పూసుకోడానికి కాదండి" అన్నాడు.

"మసి పూసుకోకుండా నేర్చుకున్నది నీ నూతి దగ్గర చూశావు కదా!" అని ఈయన గర్జించారు.

అప్పలనాయుడికి కోపం వచ్చి, ఆ కోపంలోనే నవ్వొచ్చింది. సరేనన్నాడు. ఒక షరతు పెట్టాడు. "తిట్టుకోమనండి. సెయ్యి సేసుకుంటే మాత్రం నానొప్పుకోను." మంచి షరతు. ఈ మాట చదివి మీరు పిల్లల్ని తిట్టించే కార్యక్రమం మొదలుపెట్టకండి. పనిలో తప్పు జరిగినప్పుడు ఆ పనిని తిట్టడం వేరు, మనిషిని కించపరచడం వేరు. పుట్టుకనో కులాన్నో ఎత్తి మాట్లాడిన ఒక మిల్లు నుంచి మా పిల్లల్ని ఆ పూటే వెనక్కి తెచ్చేశాం. ఎంత బాగా పని నేర్పించేవాడైనా అలాంటివాడు మనకి అక్కర్లేదు.

సింహాద్రి కొట్టులో పైడిరాజు అప్పగింత జరిగింది. పళ్లెం పట్టుకున్నది అప్పలనాయుడు, మాట చెప్పింది హెడ్‌మాస్టరు గారు. బజారంతా మూగింది. సింహాద్రి చేతులు కడుక్కుని, తువ్వాలు అందుకుని కళ్లకద్దుకున్నాడు. వెంటనే పైడిరాజు వైపు తిరిగి, "ఏట్రా అలాగ నిలబడ్డావు? సొక్కా ఇప్పి ఆ మేకుకి తగిలించు. బేగి!" అన్నాడు.

బాబు పోయింది, 'రా' వచ్చింది! మరుసటి గురువారం నేను గుమ్మంలోకి వెళ్లేసరికి, "ఒరే ఎదవా! వాసరెయ్యకుండా నట్టు బిగించెత్తావేట్రా?" అన్న కేక వినిపించింది. నేను పైకి నవ్వేసింది అప్పుడే.

శనివారాలు

మేస్త్రుల్ని సరిచేస్తే సరిపోదు, మమ్మల్ని మేం సరిచేసుకోవాలి. శనివారం మధ్యాహ్నం స్కూలు వెనక షెడ్డులో అందరం కూర్చునేవాళ్లం. హెడ్‌మాస్టరు గారిది ఒకటే నియమం, చెప్పకూడదు, చేసి చూపించాలి. పైడిరాజు ఒక పాత ఇంజను ముందు నిలబడి గాలి తీసి చూపించాడు. మొదటి వారం మర మరీ వదులు చేసి నూనె ఒలికించాడు. తరవాత వారం కింది తరగతి పిల్లలకి నేర్పించాడు.

చివర్లో పిల్లలు మమ్మల్ని అడగాలి. అది ఇంకా గొప్ప నియమం! పిల్లలు మొదట్లో నోరు విప్పలేదు. హెడ్‌మాస్టరు గారు లేచి బయటికి వెళ్లి, గోడ అవతల నిలబడి, "నేను లేనురా, అడగండి!" అని అరిచేవారు. ఆ గొంతు గోడ ఇవతలికే కాదు, రైలు స్టేషను దాకా వినపడేది. పిల్లలు నవ్వేవారు, నవ్వుతూ అడిగేసేవారు.

పైడిరాజు అడిగినదే అన్నింటికన్నా గట్టి ప్రశ్న. "వానాకాలంలో మమ్మల్ని కొట్టుకి పంపినారు మేస్టారూ. వానాకాలంలో ఇంజన్లెవురు తిప్పుతారండి? కొట్టు కాలీ. పంట కోసేసినాక నూతులమీద పడతారు, అప్పుడు ఇంజన్లన్నీ వస్తాయి. అప్పుడు మమ్మల్ని పరీచ్చలని క్లాసులో కూకోబెట్టేత్తన్నారు."

నిజమే! ఏర్పాటంతా మా టైం టేబులుకి వీలుగా చేసుకున్నాం, ఊళ్లో పనికి వీలుగా చెయ్యలేదు. సోమయాజులు గారు గోడ అవతల నుంచే, "ఆ కుర్రాడు చెప్పినట్టు మార్చండి!" అన్నారు. పాఠాలు ముందుకి జరిపాం, చలికాలం నుంచి బుధవారం ఇంకో పూట కూడా కొట్టుకి కలిపాం. సంక్రాంతి దాటింది, అప్పలనాయుడు రాలేదు. రాకపోవడమే ఆయన జవాబని తెలుసుకుని నేను గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయాను.

సత్యవతి సంగతి

తిట్టు వినపడితే నేర్చుకుంటున్నట్టు అని ఒక కొలబద్ద దొరికిందని పొంగిపోతున్న రోజుల్లో, సత్యవతి నా పొంగు దించింది. ఆమె మా సెక్షనులో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల. అచ్చాఫీసుకి పంపించాం. ఆ అచ్చాఫీసు యజమాని పెద్దమనిషి. ఆయన ఆమెని ఒసే అనలేడు, అనకూడదు కూడా. "అమ్మా తల్లీ" అని లోపల ఇంట్లో కూర్చోబెట్టి, ఆయన భార్య చేత జంతికలు పెట్టించేవాడు. తాంబూలం ఇచ్చి అప్పగించినా అక్కడ పనిచెయ్యలేదు. సత్యవతి బరువు పెరిగింది, పని రాలేదు.

శనివారం ఆమె నిలబడి, "నాకు జంతికలు చెయ్యడం వచ్చింది మేస్టారూ, చూపించమంటారా?" అంది. అంత కోపంగా అంత మర్యాదగా మాట్లాడిన పిల్లని నేను ఇంకోసారి చూడలేదు.

ఆ తర్వాతి వారం మా స్కూలు వార్షికోత్సవం ఆహ్వానపత్రాలు అచ్చు వెయ్యాల్సి వచ్చింది. హెడ్‌మాస్టరు గారు ఆ పని ఆ అచ్చాఫీసుకే ఇచ్చి, "అక్షరాలు మాత్రం మా సత్యవతే కూర్చాలి. ఆలస్యమైతే ఆలస్యమే" అని చెప్పి వచ్చారు. పని ఆమెది అయ్యాక యజమాని చూడక తప్పలేదు. ఆమె కూర్చినది చూసి వంక పెట్టాడు. ఆమె ఒప్పుకోలేదు. ఇద్దరూ వాదించుకున్నారు. నేను వెళ్లేసరికి ఆయన, "ఈ అమ్మాయి నా మాట వినదండీ!" అని నాతో మొర పెట్టుకున్నాడు. ఆమె విషయంలో, నేర్చుకుంటోందనడానికి ఆ మాటే గుర్తు. మాఘమాసంలో పెళ్లి శుభలేఖల పని ముంచుకొచ్చేసరికి ఆయనే ఆమె కోసం కబురు పెట్టాడు. ఒక చోట పనికొచ్చిన కొలబద్ద ఇంకోచోట పనికిరాదు. ప్రతి చోటా కళ్లు తెరిచి మళ్లీ వెతుక్కోవాల్సిందే.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు

ఫాల్గుణంలో ఇన్‌స్పెక్టరు వచ్చారు. బక్కపలచటి మనిషి, మాట తక్కువ. ముందు రోజు మా స్టాఫు గదిలో పెద్ద గొడవ. లెక్కల మేస్టారు, "మొదటి ఆర్నెల్ల సంగతి ఎత్తకండి, చివరి మూణ్ణెల్లే చూపించండి" అన్నారు. నేను కుదరదన్నాను. పిల్లల చేత శనివారం నిజం చెప్పించి, మనం బుధవారం దాచుకుంటామా అని అరిచాను. సోమయాజులు గారు పొడుం డబ్బా కోసం జేబులన్నీ వెతుక్కున్నారు, అది చేతిలోనే ఉంది. ఆయన భయపడటం నేను చూసింది అదొక్కసారే. ఆ సెక్షను ఆయన ప్రాణం.

ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలో కూర్చోగానే, "ఎలా నడుస్తోంది?" అన్నారు.

సోమయాజులు గారు గొంతు సవరించుకున్నారు. "మొదటి ఆర్నెల్లూ ఏమీ నడవలేదండి. నడుస్తోందని మేం అనుకున్నాం" అన్నారు. ఉన్నదున్నట్టు చెప్పేశారు, సోడాలతో సహా. లెక్కల మేస్టారు కళ్లు మూసుకున్నారు. నాకు మాత్రం లేచి చప్పట్లు కొట్టాలనిపించింది!

"సరే, ఆ కొట్టు చూపించండి" అన్నారు ఇన్‌స్పెక్టరు.

సింహాద్రి కొట్టు ఇంజన్లతో నిండిపోయి ఉంది. పైడిరాజు మోచేతుల దాకా మసి. ఇన్‌స్పెక్టరు గారు సింహాద్రిని పక్కకి పిలిచి, ఈ కుర్రాడు ఎలా పనిచేస్తాడని అడిగారు.

"తొందరెక్కువండి ఆడికి. మరలు అరిగిపోయేలా బిగించెత్తాడు. పానాలు ఎక్కడెట్టినాడో ఆడికే తెలదు. సెప్తే ఇనడు, ఎదురు మాటాడతాడు" అని సింహాద్రి ఏకరువు పెట్టాడు. మర్యాదగా మాట్లాడటం అతనికి ఎప్పుడో మరుపొచ్చింది.

ఇన్‌స్పెక్టరు గారు నా వైపు తిరిగారు. "ఇదేనా మీరు బాగుచేసుకున్నది?"

"ఇంకొక్క ప్రశ్న అడగనివ్వండి సార్" అన్నాను. "సింహాద్రీ, పైడిరాజుని ఒక్కణ్ణీ ఏ పనికి పంపుతావు?"

"నాజిలు పనికి పంపనండి. ఇంకా రానేదు. గాలి తియ్యడానికి, రింగులు మార్సడానికి పంపుతాను. మొన్న రామతీర్థం కాడ తోటలో ఇంజను ఆగిపోతే ఆణ్ణే పంపినాను. తిప్పేసి వచ్చినాడు. అక్కడ మల్లీ ఏదైనా అయితే మీ పెద్దోడొద్దు, ఆ సిన్నోణ్ణే పంపమని సెప్పినారంట. మరి నాను పెద్దోణ్ణేటి!" అని కోపంగా అన్నాడు.

ఇన్‌స్పెక్టరు గారు తిరిగి స్కూలుకి నడుస్తూ, "నేను వెళ్లే ప్రతి చోటా అంతా బాగుందనే చెప్తారు. ఏం రాలేదో చెప్పినవాళ్లు మీరే. ఏం రాలేదో తెలిసినవాళ్ల దగ్గర సెక్షను ఉండాలి. ఉంచమని రాస్తాను" అన్నారు.

సోమయాజులు గారు నడిరోడ్డు మీద ఆగిపోయి పై పంచెతో కళ్లు తుడుచుకున్నారు. నేను సంతోషం ఆపుకోలేక, దారిలో కనపడిన ప్రతివాడికీ చెప్పుకుంటూ వచ్చాను.

సెలవు

మర్నాడు గురువారం. ప్రార్థన కాగానే హెడ్‌మాస్టరు గారు సంగతి చెప్పి, "ఈ రోజు సెలవు!" అని ప్రకటించారు. పిల్లల కేకలకి కాకులు లేచిపోయాయి. పైడిరాజు, మిగతా టెక్నికల్ పిల్లలు మైదానంలో చెడుగుడు గీతలు గీసుకున్నారు. మధ్యాహ్నం దాటింది. ఆడుతూనే ఉన్నారు. మేం వరండాలో కూర్చుని చూస్తున్నాం. సోమయాజులు గారంత ప్రశాంతంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

గేటు దగ్గర సైకిలు గంట ఆగకుండా మోగింది. సింహాద్రి. అతను మా స్కూలు గడప ఎన్నడూ తొక్కలేదు. సైకిలు గోడకి పడేసి, మసి చేతులతోనే వరండాలోకి వచ్చేశాడు. చెమటలు కారుతున్నాయి.

"ఏటండి మేస్టారూ, సెలవంట?"

"అవునయ్యా, సింహాద్రీ! మన సెక్షను ఉంచేశారు! కూర్చో, కూర్చో" అన్నారు హెడ్‌మాస్టరు గారు ఆనందంగా.

"ఉంచేసినారు, బాగానే ఉన్నాది. నా ఇంజన్లు ఎవుడు బిగిత్తాడండి? ఇప్పేసి నేలమీద పరిసేసి ఉన్నాయి. ఆ గుంటడొస్తాడని రైతుకి మాటిచ్చేసినాను. ఆయన బండి కట్టుకొచ్చి కూకున్నాడు. నన్నడిగే పని నేదేటండి? మీ పాటికి మీరు సెలవిచ్చెత్తారా?"

జవాబు కోసం ఆగకుండా సింహాద్రి మైదానం వైపు తిరిగాడు.

"ఒరే పైడిగా! సెడుగుడేట్రా? రా ఇలాగ!"

పైడిరాజు కూత మధ్యలో ఆపేసి, దుమ్ము కూడా దులుపుకోకుండా పరుగెత్తుకొచ్చి, సైకిలు లేవనెత్తి వెనక సీటు ఎక్కేశాడు. మా వైపు అనుమతి కోసం కూడా చూడలేదు. ఇద్దరూ గేటు దాటారు.

హెడ్‌మాస్టరు గారు లేచి నిలబడ్డారు. పంచె ఎగ్గట్టారు. గంట కొట్టే ప్యూను భోజనానికి వెళ్లాడు. ఆయనే స్వయంగా వెళ్లి తాడు పట్టుకుని, మైదానమంతా దద్దరిల్లేలా గంట మోగించి, "ఊళ్లో పని ఆగిపోయిందర్రా! సెలవు లేదు, పదండి!" అని అరిచారు.